కొల్లేటి వసంతం: తరుగునీటిలో చేపలవేట – ప్రకృతి, పరికరాలు, పరిణామాలు

వ్యాససంగ్రహం:

ఏలూరు నగరానికి దక్షిణంగా, కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లంలో ఏర్పడిన విశాలమైన మంచినీటి సరస్సు కొల్లేరు. వానకారు వరదలతో నిండే ఈ సరస్సు కార్తికం దాటిన తరువాత క్రమంగా తరుగుతూ, చైత్ర వైశాఖాల నాటికి తన విస్తీర్ణంలో అధికభాగాన్ని విడిచిపెడుతుంది. మిగిలిన నీటిలో చేపలు ఒకచోట చేరడంవల్ల వేట సులువవుతుంది. ఈ సులువును సరస్సు సమృద్ధికి గుర్తుగా భావించడం సరికాదని, వసంతకాలపు వేటను మిగిలిన నీటి విస్తీర్ణం, లోతు, స్వచ్ఛత అనే మూడింటితో కలిపి అంచనా వేయాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కొల్లేటి నీటి స్వభావం, చేపల జీవనక్రమం, సంప్రదాయ వేట పరికరాలు, వాటికి సంబంధించిన పదజాలం, ఐతిహ్యం, సరస్సులో వెలసిన గట్ల ప్రభావం ఇందులో పరిశీలితమవుతాయి.

ముఖ్యపదాలు: కొల్లేరు, ఉప్పుటేరు, తరుగునీరు, మావు, దోనె, కొర్రమీను, లంకగ్రామాలు, కాంటూరు.

1. ఉపోద్ఘాతం

తెలుగువారి కాలగణనలో వసంతమంటే చైత్ర వైశాఖాలు. కావ్యాల్లో ఈ ఋతువుకు చిగుళ్ళు, కోకిలలు, మలయమారుతం గుర్తులు. జాలరి జీవితంలో దీనికి వేరే గుర్తులున్నాయి. ఒడ్డు వెనక్కి జరగడం, దోనె అడుగు నేలకు తగలడం, నీటి రంగు మారడం, తెల్లవారుజామున చేపలు నీటిపైకి రావడం వంటివి అతనికి ఋతువు మారిందని చెబుతాయి. వ్యవసాయదారులు వాడే కార్తెల లెక్కలో ఈ కాలం రేవతి, అశ్విని, భరణి, కృత్తిక కార్తెలతో సాగుతుంది. మార్చి చివరివారం నుంచి మే చివరివారం వరకు విస్తరించే ఈ రెండు నెలలూ కొల్లేటి జాలరులకు ఏకకాలంలో రాబడి కాలం, ఆందోళన కాలం కూడా.

కొల్లేరుపై వచ్చిన రచనల్లో అధికభాగం పక్షులను గురించో, వరదలను గురించో, చేపల చెరువుల వివాదాన్ని గురించో ప్రస్తావిస్తాయి. వాటన్నింటికీ ఆధారమైన ఒక సాధారణ విషయం, అంటే ఏటా వసంతంలో సరస్సు కుదించుకుపోయే తీరు, దానిమీద ఆధారపడిన వేట, అంతగా వివరణకు నోచుకోలేదు. సరస్సు హద్దును ఎక్కడ గీయాలన్న నేటి వాదనకు కూడా ఈ వివరణ అవసరం. అందువల్ల ముందుగా కొల్లేటి నేల, నీటి స్వభావాన్ని తెలుసుకోవలసి ఉంటుంది.

2. కొల్లేరు: నేల, నీరు, పేరు

కొల్లేరు సహజమైన పల్లం. ఉత్తరపు మెట్ట ప్రాంతాల నుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు ఇందులోకి వస్తాయి. రెండు డెల్టాల పొలాల నుంచి మురుగు కాలువలు వచ్చి చేరుతాయి. సరస్సు నుంచి నీరు వెలుపలికి పోయే ప్రధానమార్గం ఉప్పుటేరు ఒక్కటే. అది సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. రాక మార్గాలు అనేకం, పోక మార్గం ఒకటి కావడంవల్ల వరదనీరు కొంతకాలం సరస్సులో నిలిచి, నెమ్మదిగా సముద్రాన్ని చేరుతుంది. ఈ కారణంగానే కొల్లేరును వరదను సర్దుబాటు చేసే సహజ జలాశయంగా పరిగణిస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ నగరాన్ని ముంచెత్తిన బుడమేరు వరదకు కూడా గమ్యం కొల్లేరే.

ఈ సరస్సుకు విస్తీర్ణం ఎక్కువ, లోతు తక్కువ. సముద్రమట్టానికి 10 అడుగుల ఎత్తు వరకు నీరు నిలిచినప్పుడు కొల్లేటి విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. 5 అడుగుల ఎత్తు వద్ద అది 308 చదరపు కిలోమీటర్లు. 3 అడుగుల వద్ద సుమారు 135 చదరపు కిలోమీటర్లు. మొదటి రెండు అంకెల మధ్య తేడా 593 చదరపు కిలోమీటర్లు. అంటే నీటిమట్టం ఒక్క అడుగు తగ్గితే సగటున 119 చదరపు కిలోమీటర్ల నేల బయటపడుతుంది. నిటారు గట్లున్న చెరువులో అడుగు నీరు తగ్గితే ఒడ్డు కొద్దిగా మాత్రమే జరుగుతుంది. పళ్ళెంవంటి కొల్లేటిలో అదే అడుగుకు ఊళ్ళకు ఊళ్ళ ముందునుంచి నీరు వెళ్ళిపోతుంది. కొల్లేటి వసంతాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క లక్షణం మూలం.

ఈ నేల స్వభావం గ్రామనామాల్లో కూడా నిలిచింది. ప్రత్తికోళ్ళలంక, గుడివాకలంక, ఆగడాలలంక వంటి పేర్లలోని ‘లంక’ నీటి నడుమ తేలిన మెరకను సూచిస్తుంది. శ్రీపర్రులోని ‘పర్రు’ పల్లపు నేలకు, మొండికోడులోని ‘కోడు’ చిన్న ఏటికి, పాయకు సంబంధించిన పదాలు. నీటికీ నేలకూ మధ్యనున్న భేదం ఋతువుతో మారిపోయే చోట, ఆ భేదాన్ని చెప్పే పదాలు ఊరి పేర్లుగా స్థిరపడడం సహజం.

సరస్సు చారిత్రక ప్రాచీనతకు శాసనాధారాలున్నాయి. క్రీ.శ. 634 నాటి ఐహోళె శాసనంలో రెండవ పులకేశి విజయాల సందర్భంలో ప్రస్తావితమైన కునాల జలాన్ని చరిత్రకారులు కొల్లేరుగా గుర్తించారు. మధ్యయుగాల శాసనాల్లో కొలను మండలికులు కనిపిస్తారు. వారి రాజధానికి సరసీపురి అనే సంస్కృత వ్యవహారం కూడా ఉంది. తెలుగు జాతీయాల్లో ‘కొల్లేటి చాంతాడు’ ఎంత లాగినా తరగని దానికి సంకేతం. జాతీయంలో తరగని దానికి గుర్తుగా నిలిచిన కొల్లేరు ప్రకృతిలో మాత్రం ఏటా తరుగుతూ, మళ్ళీ పెరుగుతూ ఉండే సరస్సు.

3. వసంతకాలపు నీరు

3.1. తరుగు

ఈశాన్య ఋతుపవనం వెనుదిరిగిన తరువాత ఏరుల్లో ప్రవాహం క్షీణిస్తుంది. అప్పటినుంచి సరస్సుకు ముఖ్యమైన రాక డెల్టా పొలాల నుంచి వచ్చే మురుగునీరు. దాళ్వా పంటకు కాలువ నీరు పారుతున్నంతకాలం ఆ పొలాల నుంచి మిగులు నీరు కొల్లేటికి చేరుతూనే ఉంటుంది. పంట కోతకు వచ్చి, మరమ్మతుల కోసం కాలువలను కట్టివేయడంతో ఈ రాక కూడా సన్నగిల్లుతుంది. మరోవైపు ఎండ ముదిరి నీరు ఆవిరవుతుంది. రాక తగ్గడం, ఆవిరి పెరగడం ఒకేసారి జరగడంవల్ల అశ్విని, భరణి కార్తెల్లో తరుగు వేగవంతమవుతుంది.

తరుగుతున్న నీరు సరస్సు అంతటా సమానంగా తగ్గదు. మెరకలు ముందు బయటపడతాయి. వాటి నడుమ మడుగులు, పాత కాలువ గాడులు, ఏరులు సరస్సులో కలిసే చోటి లోతట్టు భాగాలు మిగులుతాయి. చేపలు క్రమంగా ఆ లోతులకు చేరుకుంటాయి. విశాలమైన నీటిలో పలుచగా విస్తరించి ఉన్న చేపల సంతతి కొద్దిపాటి నీటిలో చిక్కబడుతుంది. ఒక్కసారి వల వేస్తే వానకారులో కంటే ఎక్కువ చేప పడడానికి ఇదే హేతువు. సరస్సులో చేపల సంఖ్య పెరగకపోయినా పట్టుబడి పెరుగుతుంది. వసంతకాలపు వేటను గురించిన అపోహలన్నీ ఈ భేదాన్ని గమనించకపోవడంవల్ల ఏర్పడినవే.

3.2. వేడి, ప్రాణవాయువు

నీరు వేడెక్కినకొద్దీ దానిలో కరిగి ఉండగల ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9.1 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇమడగలదు. 30 డిగ్రీల వద్ద ఆ పరిమితి సుమారు 7.5 మిల్లీగ్రాములు. అదే సమయంలో వేడివల్ల చేప శరీరక్రియలు వేగవంతమై దానికి కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది. అవసరం పెరిగే కాలంలోనే లభ్యత తగ్గుతుందన్నమాట. అడుగున చేరిన ఆకులు, నాచు కుళ్ళడానికి కూడా ప్రాణవాయువే ఖర్చవుతుంది.

పగటివేళ నీటిమొక్కలు, నాచు సూర్యకాంతి సహాయంతో ప్రాణవాయువును విడుదల చేస్తాయి. రాత్రివేళ అవే దానిని వినియోగిస్తాయి. అందువల్ల తెల్లవారేముందు నీటిలో ప్రాణవాయువు అతి తక్కువగా ఉంటుంది. ఆ వేళకు చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుచుకొని తేలుతూ ఉండడం వసంతంలో తరచుగా కనిపించే దృశ్యం. ఈ స్థితిలో ఉన్న చేప మేత ముట్టదు కాబట్టి గాలానికి ఎర వేసినా ఫలితం తక్కువ. వలకు మాత్రం అది సులభంగా చిక్కుతుంది. గాలి కదలక మబ్బు పట్టిన రోజుల తరువాతి తెల్లవారుజాము మరింత ప్రమాదకరం. పగలంతా వెలుతురు చాలక మొక్కలు తగినంత ప్రాణవాయువును ఇవ్వలేవు. అలాంటి సందర్భాల్లో చేపలు మూకుమ్మడిగా చనిపోయే అవకాశం ఉంటుంది.

3.3. గాలి, నీటిమొక్కలు

వసంతంలో కోస్తా ప్రాంతంలో దక్షిణదిక్కు నుంచి వీచే పైరగాలి జాలరికి పలువిధాల ఉపకారి. అది నీటిపై అలలు లేపి ప్రాణవాయువు కలిసేలా చేస్తుంది, ఎండ తాపాన్ని తగ్గిస్తుంది. అయితే ఇదే గాలి గుర్రపుడెక్క తెప్పలను ఒకవైపుకు నెట్టి, దోనెల దారులను మూసివేయగలదు. గుర్రపుడెక్క దట్టంగా కమ్మిన చోట వెలుతురు, గాలి నీటికి అందవు. దాని కింద చేపలకు నీడ దొరికినా ఊపిరి దొరకదు. కిక్కిస పొదలు, తామరతూళ్ళు ఉన్న అంచులు ఇందుకు భిన్నమైనవి. మధ్యమధ్య ఖాళీ ఉండే ఆ తావులు చేపపిల్లలకు ఆశ్రయాలు. నీటిమొక్కలన్నింటినీ ఒకే గాట కట్టి పీకివేయడం సరస్సుకు మేలు చేయదు.

3.4. ఉప్పు

కొల్లేటి మట్టం దిగువకు పోయినప్పుడు ఉప్పుటేటిలో ప్రవాహం దిశ మార్చుకునే పరిస్థితి ఏర్పడుతుంది. వరదకాలంలో సరస్సునుంచి సముద్రానికి పోయే నీరు, వేసవిలో పోటువేళ సముద్రం నుంచి లోపలికి తోసుకువస్తుంది. ఉప్పు సోకిన నీటిలో మంచినీటి చేపలు నిలవలేవు. తాగునీటికి, పంటలకు కూడా అది చేటు. అయినా ఉప్పుటేటిని పూర్తిగా మూసివేయడం పరిష్కారం కాదు. పండుగప్ప సముద్రపు అంచుల్లో సంతానోత్పత్తి చేసి మంచినీటిలోకి ఎదిగివస్తుంది. నీలకంఠ రొయ్య మంచినీటిలో జీవించినా దాని పిల్లలు ఎదగడానికి కొంత ఉప్పదనం కావాలి. ఈ రెండింటికీ ఉప్పుటేరు రాకపోకల దారి. సరస్సులో తగినంత మంచినీరు నిలిచి ఉండి, ఉప్పుటేటి దారి తెరిచి ఉన్నప్పుడే ఈ సమతూకం సాధ్యమవుతుంది.

4. వసంతంలో చిక్కే చేపలు

తరుగునీటి వేటలో పడే చేపలను స్థూలంగా రెండు వర్గాలుగా విభజించవచ్చు. మొప్పలతో మాత్రమే ఊపిరి తీసుకునేవి మొదటి వర్గం. బొచ్చె, శీలావతి, మోసు, పరిగె, వాలుగ మొదలైనవి ఇందులో చేరుతాయి. నీటిలో ప్రాణవాయువు తగ్గితే ముందుగా దెబ్బతినేవి ఇవే. రెండవ వర్గం గాలిని నేరుగా పీల్చుకోగలిగినవి. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి, గొరక ఈ వర్గానికి చెందినవి. ఇవి బురదనీటిలో, మొక్కలు కుళ్ళిన గుంటల్లో కూడా బతకగలవు. గంపలో వేసిన తరువాత కూడా చాలాసేపు ప్రాణంతో ఉండడంవల్ల సంతలో వీటికి మంచి ధర పలుకుతుంది.

ఈ విభజన వసంతకాలపు నీటిస్థితిని తెలుసుకునేందుకు ఉపకరిస్తుంది. ఒక మడుగులో మొదటి వర్గపు చేపలు ఆరోగ్యంగా దొరుకుతున్నంతవరకు అక్కడి నీరు మంచిస్థితిలో ఉన్నట్లు లెక్క. రెండవ వర్గపు చేపలు మాత్రమే దొరకడం మొదలైతే నీరు చెడినట్లు గ్రహించాలి. వలలో పడిన చేప బరువుకంటే దాని జాతి సరస్సును గురించి ఎక్కువ చెబుతుంది.

ఋతుక్రమంలో చూస్తే బొచ్చె, శీలావతి, మోసు వంటివి వానకారు వరదనీటిలో గుడ్లు పెడతాయి. కాబట్టి వసంతపు మడుగుల్లో మిగిలినవి వచ్చే వానలకు తల్లిచేపలు కావలసినవి. కొర్రమీను విషయంలో మరొక ప్రత్యేకత ఉంది. అది నీటిమొక్కల నడుమ గూడు ఏర్పరచుకొని గుడ్లను, పిల్లలను కాపలా కాస్తుంది. ఎర్రని చాయతో గుంపుగా తేలే పిల్లలు నీటిపై సులభంగా కనబడతాయి. ఆ గుంపు కనిపించిన చోట తల్లిదండ్రులు ఉంటాయని అనుభవజ్ఞులకు తెలుసు. వాటిని పట్టుకోవడం తేలిక. పట్టుకుంటే పిల్లల గుంపు కూడా ఇతర చేపలకు, పక్షులకు ఆహారమైపోతుంది. తేలికగా దొరికే చేపను వదిలిపెట్టడమే ఇక్కడ వేటగాడి విజ్ఞతకు పరీక్ష.

ఈ మడుగులపై మనిషితోపాటు పక్షులకూ హక్కుంది. కైకలూరు సమీపంలోని ఆటపాక గూడబాతుల స్థావరంగా ప్రసిద్ధం. శీతాకాలపు వలసపక్షులు వసంతారంభానికి తిరుగుముఖం పట్టినా గూడబాతులు, కొంగలు నీరున్న తావులను ఆశ్రయించి ఉంటాయి. అవి గుమికూడిన చోట చేప ఉందని గుర్తించడం జాలరికి కష్టం కాదు. పక్షి, జాలరి ఒకే మడుగుకు చేరవలసిరావడం నీరు ఎంత కుదించుకుపోయిందో చెప్పే సూచిక.

5. వేట పరికరాలు, పద్ధతులు

కొల్లేటి లంకల్లో వేట వృత్తిగా గలవారిలో వడ్డి కులస్థులు ప్రధానులు. దళితకుటుంబాలు కూడా తరతరాలుగా ఈ నీటిపై ఆధారపడి జీవిస్తున్నాయి. వీరి ప్రయాణసాధనం దోనె. లోతు తక్కువైన నీటిలో తెడ్డుకంటే గెడకర్ర ఎక్కువ ప్రయోజనకరం. గెడను అడుగున గుచ్చి దోనెను నెట్టేటప్పుడు నీటిలోతు, అడుగునేల స్వభావం చేతికి తెలుస్తాయి. ఆ విధంగా గెడకర్ర ప్రయాణసాధనమే కాక కొలతబద్ద కూడా అవుతుంది. వసంతం ముదిరేకొద్దీ దోనె వెళ్ళలేని తావులు పెరిగి, జాలరులు నీటిలో దిగి నడుస్తూ వేటాడవలసి వస్తుంది.

వేటపరికరాలు నీటి లోతును బట్టి మారుతాయి. లోతు ఉన్న మడుగుల్లో విసురువల పనికి వస్తుంది. వల విచ్చుకొని గుండ్రంగా పడడానికి మొక్కలు లేని నీరు కావాలి. మొక్కల అంచుల్లో, చిన్న పాయల్లో మావులు పెడతారు. మావు వెదురుబద్దలతో అల్లిన బోను. దాని నోటివద్ద బద్దలు లోపలికి వంగి ఉండడంవల్ల లోనికి వెళ్ళిన చేప, రొయ్య తిరిగి బయటికి రాలేవు. సాయంకాలం నీటిలో ఉంచి తెల్లవారాక ఎత్తడం దీని పద్ధతి. మోకాలిలోతు నీటిలో ఊత ఉపయోగిస్తారు. అడుగు వెడల్పుగా, పైభాగం సన్నగా, రెండువైపులా తెరిచి ఉండే ఈ గంపను చేప కదలిక కనిపించిన చోట నేలకు అదిమి, పైనుంచి చేయి పెట్టి చేపను తీస్తారు. నీరు పారే గాడికి అడ్డంగా వెదురుదడి కట్టడం మరొక పద్ధతి.

ఈ పరికరాల నిర్మాణంలోనే కొంత పరిమితి ఇమిడి ఉంది. మావు బద్దల సందుల్లోనుంచి చిన్నపిల్లలు తప్పించుకుపోగలవు. ఊతతో ఒకసారికి ఒకటి రెండు చేపలకంటే ఎక్కువ పట్టడం సాధ్యం కాదు. విసురువల మొక్కల్లోకి పోలేదు కాబట్టి అక్కడ ఆశ్రయం పొందిన చేప మిగిలిపోతుంది. అయితే సంప్రదాయమైన ప్రతి పద్ధతీ సరస్సుకు హితమైనదని చెప్పడానికి వీలులేదు. గాడికి రెండువైపులా దడికట్టి నడుమ నీటిని తోడివేస్తే ఒక్క చేప కూడా మిగలదు. సన్నకన్నుల వలలు వచ్చిన తరువాత పిల్లచేపలకు తప్పించుకునే దారి మూసుకుపోయింది. పద్ధతి పాతదా కొత్తదా అన్నదానికన్నా, అది చేపకు తప్పించుకునే అవకాశం ఇస్తున్నదా లేదా అన్నదే ప్రమాణం కావాలి.

ఈ పదజాలాన్ని నమోదు చేయడంవల్ల భాషాశాస్త్ర ప్రయోజనంతోపాటు వ్యవహార ప్రయోజనం కూడా ఉంది. కొల్లేటి అభయారణ్యంలో సంప్రదాయ పద్ధతుల్లో వేటకు చోటుంది, గట్లు కట్టి చేపలు పెంచడానికి లేదు. అప్పుడు ఏది సంప్రదాయమన్న ప్రశ్న తలెత్తుతుంది. మావు, ఊత, దోనె, గెడ అనే పదాలకు నిర్దిష్టమైన ఆకారం, కొలత, వాడుక తెలిసి ఉంటేనే ఆ ప్రశ్నకు న్యాయమైన సమాధానం దొరుకుతుంది. పరికరంతోపాటు పదం కూడా మరుగునపడితే జాలరి తన హక్కును నిరూపించుకునే ఆధారాల్లో ఒకటి పోగొట్టుకుంటాడు.

6. ఐతిహ్యంలో, సాహిత్యంలో తరుగునీరు

కొల్లేటికోటను గురించిన ఐతిహ్యం నీటిమట్టం చుట్టూ అల్లుకున్నది. సరస్సు నడుమ కోటలో గజపతుల సేనాని ఉండగా, చుట్టూ నీరు ఉండడంవల్ల శత్రువు కోటను సమీపించలేకపోయాడు. సరస్సు నీటిని సముద్రంలోకి వదిలివేస్తే మట్టం తగ్గి కోట చిక్కుతుందని తలచి శత్రుసేనాని ఉప్పుటేరును తవ్వించాడని కథ. ఆ సందర్భంలో సేనాని కూతురు బలి అయిందని, అందువల్ల ఆ పాయకు పేరంటాల కనమ అన్న పేరు వచ్చిందని చెబుతారు. ఈ కథకు చారిత్రక ప్రామాణ్యం ఉన్నదా లేదా అన్నది వేరే చర్చ. సరస్సుకు రక్ష దాని నీటిమట్టమే, మట్టం తగ్గితే లోపలివారికి ఆపద తప్పదు అన్న స్థానికుల గ్రహింపు మాత్రం ఇందులో స్పష్టం. ఆ కోటలో వెలసిన పెద్దింట్లమ్మకు ఫాల్గుణమాసంలో జాతర జరుగుతుంది. అంటే సరస్సు తరుగుతూ వసంతానికి సిద్ధమవుతున్న కాలంలోనే లంకగ్రామాలన్నీ అమ్మవారి సన్నిధికి చేరుతాయి.

తరుగునీటిలోని చేపలు భారతీయ కథాసాహిత్యంలో ప్రసిద్ధమైన వస్తువు. మహాభారత శాంతిపర్వంలోని మూడు చేపల కథలో జాలరులు మడుగునీటిని బయటికి తోడుతున్నప్పుడు దీర్ఘదర్శి ముందే వేరే నీటికి వెళ్ళిపోతుంది. ప్రాప్తకాలజ్ఞుడు సమయానికి ఉపాయం పన్ని బయటపడుతుంది. దీర్ఘసూత్రుడు ఉపేక్షించి పట్టుబడుతుంది. పంచతంత్రంలోని కొంగ, ఎండ్రకాయ కథలో కూడా చెరువు ఎండిపోతుందన్న భయమే చేపలను కొంగ మాట నమ్మేలా చేస్తుంది. ఈ కథలను నీతికోసం చదవడం పరిపాటి. వీటి వెనుక ఎండాకాలపు జలాశయాల ప్రత్యక్ష పరిశీలన ఉందన్న అంశం కూడా గమనింపదగినది. దీర్ఘదర్శి బతకడానికి దాని తెలివితోపాటు, వెళ్ళడానికి వేరొక నీరు, ఆ నీటికి చేర్చే దారి ఉండడం కారణం. ఆ దారి లేని మడుగులో మూడు చేపల గతీ ఒక్కటే.

ఆధునిక సాహిత్యంలో అక్కినేని కుటుంబరావు నవల ‘కొల్లేటి జాడలు’ ఈ సరస్సును ఆశ్రయించిన గ్రామీణ జీవితాన్ని చిత్రించింది. సరస్సులో వచ్చిన మార్పు మనుషుల మధ్య సంబంధాల్లో తెచ్చే మార్పును అధ్యయనం చేసేవారికి ఇది ముఖ్యమైన ఆధారం.

7. గట్లు, కాంటూరు, వసంతం

1970ల మధ్యకాలంలో మత్స్యకార సహకార సంఘాలకు కొల్లేటిలో చేపల చెరువులు ఏర్పాటుచేసే విధానం మొదలైంది. నిలకడలేని వేటకు బదులు నిలకడగల రాబడి కల్పించడం దాని లక్ష్యం. కాలక్రమంలో చెరువులు విస్తరించాయి. పెట్టుబడి పెట్టగలిగినవారి చేతుల్లోకి కౌళ్ళద్వారా అనేక చెరువులు వెళ్ళాయి. ఒకప్పుడు సొంత దోనెతో వేటాడిన కుటుంబాలవారు పలుచోట్ల ఆ చెరువులపైనే కాపలాదారులుగా, కూలీలుగా మారవలసి వచ్చింది.

1999లో 5 అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యంగల చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాలో చేరింది. 2005-06లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అభయారణ్యంలోని చెరువుగట్లను తొలగించారు. ఆ తరువాత హద్దును 3 అడుగుల కాంటూరుకు కుదించాలని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ 5 అడుగుల హద్దునే కొనసాగించాలని సూచించింది.

ఈ వివాదాన్ని వసంతకాలపు నీటితో ముడిపెట్టి చూస్తే విషయం సులభంగా బోధపడుతుంది. 5 అడుగుల, 3 అడుగుల కాంటూర్ల మధ్యనున్న నేల సుమారు 173 చదరపు కిలోమీటర్లు. వేసవిలో చూసేవారికి అది బీటలువారిన ఖాళీభూమి. వానకారులో అది చేపలు గుడ్లు పెట్టే, పిల్లలు ఎదిగే పలుచని నీరు. శీతాకాలంలో నీరు దిగువకు జారుతున్నప్పుడు చేపలు లోతుకు చేరే దారి. ఎండిన నేలను చూసి హద్దును నిర్ణయిస్తే సరస్సు జీవితంలోని సగభాగాన్ని లెక్కలోకి తీసుకోనట్లే.

గట్టు చేసే హాని కూడా వసంతంలోనే ప్రస్ఫుటమవుతుంది. గట్లు లేని సరస్సులో నీరు తగ్గేకొద్దీ చేప లోతుకు కదులుతుంది. గట్లు అడ్డుపడితే అది తానున్న గుంటలోనే చిక్కుకుంటుంది. గుంట ఎండితే చేప చస్తుంది, లేదా మొత్తంగా పట్టుబడుతుంది. గట్లు ఉప్పుటేటివైపు ప్రవాహాన్ని కూడా అడ్డగిస్తాయి. నీరు నిలిచిపోయి పూడిక పెరుగుతుంది, లోతు తగ్గుతుంది. పొలాల ఎరువులు, పురుగుమందుల అవశేషాలు, పట్టణాల మురుగు, చెరువుల వ్యర్థజలం తరుగుతున్న కొద్దిపాటి నీటిలో సాంద్రమవుతాయి. వానకారులో పలుచబడి కనిపించని కాలుష్యం వసంతంలో చేప మొప్పలకు తగిలేంత చిక్కబడుతుంది.

గట్లను తొలగించడంతోనే జాలరి సమస్య తీరిపోదు. చెరువు పోయినవారికి వేటకు అనువైన సరస్సు తిరిగి దక్కాలి. పూడిక తీయని, గుర్రపుడెక్క తొలగించని, మురుగును శుద్ధిచేయని సరస్సు అతనికి చెరువునూ ఇవ్వదు, వేటనూ ఇవ్వదు. సరస్సు పునరుద్ధరణ, జాలరి జీవనోపాధి అనే రెండు అంశాలను వేరువేరుగా చర్చించడమే ఇంతకాలం వివాదం తెగకపోవడానికి ఒక కారణం. వసంతంలో మిగిలే నీరు రెండింటికీ ఉమ్మడి ఆధారం.

8. ముగింపు

పై పరిశీలనవల్ల ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. వసంతంలో కొల్లేటి వేట సులువు కావడానికి చేపలు పెరగడం కారణం కాదు. నీరు కుదించుకుపోయి చేపలు చిక్కబడడమే కారణం. కాబట్టి ఈ కాలపు పట్టుబడి ఒక్కటే సరస్సు ఆరోగ్యానికి కొలమానం కాజాలదు.

2. ఏ జాతి చేపలు దొరుకుతున్నాయన్నది నీటిస్థితికి విశ్వసనీయమైన సూచిక. మొప్పలపై మాత్రమే ఆధారపడే జాతులు కనుమరుగై, గాలి పీల్చుకునే జాతులే మిగలడం హెచ్చరికగా భావించాలి.

3. వసంతపు మడుగుల్లో మిగిలిన పెద్దచేపలు వచ్చే వానకారుకు తల్లిచేపలు. రోహిణి కార్తె ముగిసి తొలకరి పడేవరకు కొన్ని లోతైన మడుగులను వేటనుంచి మినహాయించడం జాలరి ప్రయోజనానికే దోహదపడుతుంది. ఈ నిర్ణయం లంకగ్రామాల జాలరుల సమ్మతితో జరిగినప్పుడే అమలవుతుంది.

4. సంప్రదాయ పరికరాలను, వాటి పదజాలాన్ని కొలతలతో, వాడుకతో సహా నమోదు చేయడం అవసరం. సంప్రదాయ వేటహక్కును నిర్వచించడానికి అది ఆధారమవుతుంది.

5. సరస్సు హద్దును ఎండాకాలపు నేలను చూసి కాక, ఏడాది పొడవునా నీరు, చేప కదిలే దారులను చూసి నిర్ణయించాలి.

లంకగ్రామంలోని జాలరికి కాంటూరు అనే మాట పరాయిది కావచ్చు. అది సూచించే నీటిమట్టం మాత్రం అతడికి చిరపరిచితం. చైత్రంలో గెడకర్ర ఎంతవరకు తడిసిందో చూసి రాబోయే రెండు నెలల బతుకును అతడు లెక్కవేసుకుంటాడు. కొల్లేటిని గురించిన ప్రణాళికల్లో ఆ లెక్కకు కూడా స్థానం దక్కవలసి ఉంది.